వకీలు ప్రమీలక్క, సేటు మోకాళ్లు, సరోజన దుకాణం

ప్రమీలక్క ఇక లేదన్న వార్తను జనగామ కోర్టు ఆవరణలోకి మోసుకొచ్చిన మనిషిని నేనే. ఆ వార్త నిజం కావడమే ఒక దురదృష్టం. దానిని నేను చెప్పవలసి రావడం ఇంకొకటి. పిల్ల చేపను పట్టి మొసలిని పట్టానని చెప్పగల నాలుక నాదని మా వకీళ్ల బార్‌లో అందరికీ తెలుసు. క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్న మిత్రులు తలైనా ఎత్తలేదు.

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా? మొన్న గా ముసలి గుమస్తాను సంపినవు. ఆయన తెల్లారి వచ్చి నీ పక్కనే కూసోని చాయ్ తాగిండు" అన్నాడొకాయన.

నాకు జవాబు రాలేదు. నాకు జవాబు రాకపోవడం వాళ్లు మునుపెన్నడూ చూడలేదు గనుక అప్పుడు నమ్మారు. ఒక్కొక్కరి గ్లాసూ చప్పుడు లేకుండా బల్ల మీదికి దిగింది. నేను చెప్పింది అబద్ధమైపోతే, వీళ్లంతా లేచి నన్ను నోరారా తిడితే ఎంత బాగుండునని ఆ క్షణంలో మనసారా కోరుకున్నాను.

ఆ ఉదయం ఇంట్లో, ఒడిలో కేసు కాగితాలు పెట్టుకుని చాయ్ తాగుతూ, గుండెపోటుతో ప్రమీలక్క అస్తమించింది. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. వాయిదా అడగడమంటే ఆమెకు వృత్తిజీవితమంతా మంట. ఆఖరి పిలుపు వచ్చినప్పుడు కూడా అడగలేదు.

చిట్యాల దగ్గరి పల్లెలో భూవసతి గల రైతు కుటుంబం ఆమెది. కూతురు టీచరమ్మ కావాలని తండ్రి ఆశ. కూతురేమో నల్లకోటు తొడిగింది. జనగామలో నివాసం. మానుకోట అని మేమంతా పిలుచుకునే మహబూబాబాద్, ఆవల భూపాలపల్లి ఆమె కార్యక్షేత్రాలు. వర్తకుల వ్యాజ్యాలు, పౌరహక్కుల కేసులు, వికలాంగుల హక్కుల పోరాటాలు, ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసుకుని బస్సెక్కేది. జనగామ సేట్ల తగాదాలు ఆమె పొయ్యిలో నిప్పు ఆరకుండా చూశాయి. ఆ నిప్పు మీద ఆమె వండిపెట్టింది మాత్రం వేరేవాళ్లకు.

ఆమె దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో ఏదో ముచ్చట చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "తమ్మీ, చూసినవా, విన్నవా?" సాక్ష్యచట్టాన్నంతా ఆ రెండు మాటల్లోకి కుదించి నాకు నేర్పిన గురువు ఆమె. కనుక ఈ వ్యాసంలో చూసినదే రాస్తున్నాను. విన్నదైతే విన్నదని చెబుతాను. అక్కడక్కడా ఉప్పు కాస్త ఎక్కువైతే పాఠకులు మన్నించాలి. వంటవాడు పాతవాడే.

కొన్నేళ్లుగా ఆమె కుడి చెవి వినబడదు. ఆ లోపాన్ని ఆమె దాచలేదు, కొలువులో పెట్టుకుంది. ఏ కోర్టులోనైనా అవతలి వకీలు తన కుడి పక్కకు వచ్చేట్టు నిలబడేది. ఆయన గొంతు చించుకుని వాదిస్తుంటే ఈమె ముఖంలో పరమ ప్రశాంతత. ఒకాయన తన వాదన ఒక్క ముక్కా ఆమెను కదిలించలేదని బెదిరి, మధ్యలోనే గొంతు తగ్గించుకుని కూర్చున్నాడు. తర్వాత నేనడిగితే, "ఏమన్నడు తమ్మీ ఆయన? మంచిగ చెప్పిండా?" అంది. ఇది చూసిందే.

క్లయింటు ఎవరైనా సరే, కేసు తీసుకునే ముందు ఆమె ఆఫీసులో ఒక తంతు జరగాలి. తన బల్లకు ఎదురుగా ఉండే కుర్చీలోంచి మనిషిని లేపి, గోడ పక్కనున్న ఇంకో కుర్చీలో కూర్చోబెట్టేది. "ఇప్పుడు నువ్వు నువ్వు గాదు, నీ మీద కొట్లాడెటోనివి. ఆని దిక్కు నుంచి చెప్పు" అనేది. అవతలి పక్షాన్ని నిజాయితీగా వినిపించలేనివాళ్ల కేసును ఆమె ముట్టేది కాదు. "అవతలోని బాధ నీకు తెల్వకుంటె, నీ బాధ జడ్జికి తెల్వజెప్పుడు నాతోని గాదు" అనేది.

ఈ తంతుకు బలైన ఘనుల్లో అగ్రగణ్యుడు జనగామ ధాన్యం వర్తకుడు సోమయ్య సేటు. సేటు గద్దె మీది నుంచి లేవడమంటే మా ఊళ్లో గ్రహణం పట్టినట్టే. చూసినవాళ్లు తక్కువ, చూశామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ. ఆయన కూర్చునే పరుపులో ఆయన ఆకారంలోనే ఒక లోయ ఏర్పడింది. ఆ లోయలోంచే కొనుగోళ్లు, అమ్మకాలు, కోపతాపాలు సమస్తం నడిచేవి. ఒకసారి మానుకోట వ్యాపారి పంపిన మిర్చి లారీ వానకు తడిసింది. అతని మీద దావా వేయాలని సేటు ఆయాసపడుతూ వచ్చాడు. అక్క ఆయనను గోడ పక్క కుర్చీకి మార్చింది.

"ఇప్పుడు నువ్వు మానుకోట వ్యాపారివి. సోమయ్య సేటు ఎసొంటోడో చెప్పు."

సేటు కాసేపు నసిగాడు. తర్వాత వ్యాపారి రక్తం పొంగింది. "నేను సరుకు ఎక్కించినప్పుడు మొగులే లేకుండె. లారీ జనగామల దిగినంక గీ సోమయ్య రెండు పూటలు దించుకోలె. ఇంట్ల పండుగని హమాలీలను తోలిచ్చిండు. తాటిపత్రన్న కప్పిండా? లె! వాన నన్ను అడిగి వచ్చిందా?" అని బల్ల గుద్దాడు. గుద్దిన చెయ్యి గుద్దినట్టే ఆగిపోయింది. "అమ్మా," అన్నాడు చిన్న గొంతుతో, "ఆడు చెప్పేదాంట్ల నిజమున్నట్టే కొడుతున్నది."

ఆ వారమే ఇద్దరు వర్తకులూ రాజీపడ్డారు. "నా చేతికి వచ్చిన కేసును నువ్వే ఓడగొట్టినవు సేటూ" అని అక్క చాన్నాళ్లు ఆయనను ఉడికించింది. ఆ రోజు నుంచి సేటు ఆమెకు భక్తుడు.

కాటారం వైపు ఒక పోలీసు స్టేషన్ ముచ్చట నేను విన్నది. కానీ చెప్పింది అక్కే గనుక నమ్ముతాను. అడవంచు పల్లె కూలీ ఒకతన్ని ఏదో విచారణ అని తీసుకుపోయారు. భార్య వెళ్లి అడిగితే అసలు అలాంటివాడు ఇక్కడికి రాలేదన్నారు. అక్క భూపాలపల్లి నుంచి బస్సెక్కి దిగింది. ఆమెకూ అదే జవాబు. ఆమె వాదించలేదు. వరండా బెంచీ మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది.

"మేడం, మీ మనిషి లేడని చెప్తిమి గద. ఇంక ఎవలకోసం కూసున్నరు?" అన్నాడు జమేదారు.

"ఎవలకోసం గాదు బాబూ, బస్సు కోసం."

బస్సు వచ్చింది, పోయింది. "మేడం, మీ బస్సు!" అంటే, "గది పల్లెవెలుగు. నాకు ఎక్స్‌ప్రెస్ కావాలె" అంది. ఎక్స్‌ప్రెస్ వచ్చింది. "కిటికీ పక్క సీటు లేదు" అంది. బెంచీకి ఎదురుగానే లోపలి గది తలుపు. ఆ తలుపు తీసిన ప్రతిసారీ అక్క తినడం ఆపి మెడ సాచి చూసేది. ఆమె చూస్తున్నంతసేపూ లోపలివాళ్లు అన్నం తినలేక, చాయ్ తాగలేక పరేషాన్ అయ్యారు. పొద్దు వాలకముందే, లేడన్న మనిషి ఉన్నాడని తేలి, మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాడు. అక్క కూడా అదే జీపులో వెళ్లింది. "బస్సు దొరకలె గద, జర జాగ ఇయ్యున్రి" అని వాళ్లనే అడిగిందట.

అయితే ఆమె న్యాయవాద జీవితానికి శిఖరం ఏదంటే నేను గూడూరు దగ్గరి ఒక ఊళ్లోని చిన్న రేషన్ దుకాణం వైపు వేలు చూపిస్తాను.

ఆ ఊరి సరోజనకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. వికలాంగుల కోటాలో ఆమెకు ఊరి రేషన్ దుకాణం వచ్చింది. మా వైపు దానిని కంట్రోల్ దుకాణం అంటారు. తల్లీ తానూ బతకడానికి ఉన్న ఒకే ఒక ఆధారం అది. ఊరివాళ్లు పటేల్ అని పిలిచే పెద్దమనిషికి ఆ దుకాణం తన బామ్మర్దికి రావాలని ఉండేది. ఆయన ఫిర్యాదు పెట్టించాడు. బస్తాలు ఎత్తలేదు, గోదాముకు పోలేదు, కనుక దుకాణం నడిపే శారీరక సామర్థ్యం లేదని అధికారులు కేటాయింపు రద్దు చేశారు.

సరోజన మానుకోటలో అక్కను కలిసినప్పుడు నేనూ ఉన్నాను. ఆమె బండి మీదే కూర్చుని ఉంది గనుక కుర్చీ మార్చే పని లేకపోయింది. బండినే గోడ పక్కకు తిప్పుకోమంది అక్క. "ఇప్పుడు నువ్వు పటేల్‌వి. చెప్పు."

సరోజన కళ్లు దించుకుని, తర్వాత ఎత్తి, అచ్చం పటేల్ గొంతుతో అందుకుంది. "బస్తా ఎత్తరాదు, నిలవడరాదు. జనం గంటలు గంటలు ఎండల నిలవడాల్నా? నాకు పగ లేదు బిడ్డా, పాపం ఇంట్ల కూసోని పింఛన్ తీసుకొమ్మను. బస్తా ఎత్తరానిదానికి దుకాణమెందుకు?"

చివరి మాట అంటూనే ఆమె ఏడ్చేసింది. అక్క మాత్రం నవ్వింది. నాకు కోపమే వచ్చింది, ఇదేం నవ్వు అని.

"ఏడ్వకు పిల్లా," అంది అక్క, "దుకాణదారు బస్తా ఎత్తంగ నువ్వు ఏనాడన్న చూసినవా?"

అప్పీలు విచారణ మానుకోటలోని ఒక కార్యాలయంలో, పై అంతస్తులో. లిఫ్టు లేదు. మేము వెళ్లేసరికి మెట్ల దగ్గర సరోజన బండి ఉంది. ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, నాలుగు కాళ్లూ బయటికి వంగిపోగా, జనగామ సోమయ్య సేటు ఉన్నాడు! గద్దె దిగి, కారెక్కి, మానుకోట దాకా. కొన్నాళ్ల ముందు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే నా కథల్లో కూడా చేర్చేవాణ్ని కాదు.

సేటు మెట్ల వైపు ఒకసారి చూసి చేతులు జోడించాడు. "అమ్మా, గీ మెట్లు నేనెక్కుతె దిగేది నేను గాదు, నా శవం. మోకాళ్లు లెవ్వు."

"ఎవలెక్కుమన్నరు? కూసో సేటూ" అంది అక్క, చల్లగా.

పైనుంచి అటెండర్ వచ్చి సార్ పిలుస్తున్నారన్నాడు. నా క్లయింటు ఎక్కలేదు, నా సాక్షి ఎక్కలేడు, సారునే దిగమనండి అంది అక్క. అక్కడున్న మంచివాళ్లు నలుగురు ముందుకొచ్చారు. "బండితోని సహా లేపుతం మేడం, ఒక్క నిమిషం పని."

"లేపకున్రి!" సరోజన గొంతు కార్యాలయమంతా వినబడింది. "మీకు దండం పెడుత. నేను బస్తాను గాను."

ఆ మంచివాళ్ల చేతులు వెనక్కి పోయాయి. పైన కుర్చీ జరిగిన చప్పుడయింది. అధికారి విసుక్కుంటూ మెట్లు దిగి వచ్చాడు. వెనకాలే పటేల్, ఆయన వకీలు. ఆ వకీలు ఎంత జాగ్రత్తపడినా చివరికి అక్క కుడి పక్కనే తేలాడు.

"ఈయనెవరు? ఈ కేసుతో ఏం సంబంధం?" అన్నాడు అధికారి సేటును చూసి.

"జనగామల పెద్ద వర్తకుడు సార్. దుకాణం నడుపుడంటే ఏందో మనకు చెప్పేటందుకు వచ్చిండు. సేటూ, నువ్వు బస్తా ఎత్తక ఎన్నాళ్లయింది?"

సేటు నొచ్చుకున్నాడు. "ఎత్తుడేంది? నేనెందుకెత్తుత? హమాలీలున్నరు గద."

"పోనీ నిలవడి బేరం చేస్తవా?"

"నిలవడి బేరం చేసేటోడు సేటెట్లయితడమ్మా? నేను కూసుంటెనే దుకాణం నడుస్తది. నేను లేస్తె ఇంటికి పోతున్న అనుకొని జనం కూడ లేస్తరు."

"మెట్లెక్కవు, బస్తా ఎత్తవు, నిలవడవు. నీ లైసెన్సు ఎవలన్న రద్దు చేసిన్రా?"

"నా లైసెన్సు ఎవడు రద్దు చేస్తడు?" సేటు నిజంగానే ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటుకు కుర్చీ కిర్రుమంది.

"నా వాదన అయిపోయింది సార్" అని అక్క కూర్చుంది.

నవ్వును దగ్గుగా మార్చుకోవడానికి అధికారి పడిన యాతన నేను కళ్లారా చూశాను. ఆయన సరోజన వైపు తిరిగి తూకం ఎట్లా వేస్తావని అడిగాడు. తూకం మిషన్‌ను బల్ల మీద కాకుండా కింద పెట్టుకుంటానని, హమాలీ బియ్యాన్ని పొట్టి గాబులో పోసి పోతే అక్కడి నుంచి తన చేతులు చాలని ఆమె తడబడకుండా చెప్పింది. రోజూ బండి చక్రాలు తిప్పే ఆ చేతులను చూస్తే మా కోర్టు జవానుకు కూడా భయం వేస్తుంది. అధికారి తల పంకించాడు. "సరే. పాపం, మానవతా దృక్పథంతో పునరుద్ధరిస్తాను."

అక్క లేచింది. "సార్, పాపం అన్న మాట వద్దు. మానవత్వం మీ దగ్గరనే ఉంచుకోండి, ఇంటికాడ పనికొస్తది. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారమని రాయండి."

గెలిచిన కేసును చేజేతులా పాడుచేస్తోందని నేను వణికాను. అధికారి అట్లాగే రాశాడు. కానీ చివర ఒక షరతు కూడా రాశాడు. పంపిణీ రోజుల్లో దుకాణం మూసి ఉన్నట్టు ఫిర్యాదు వస్తే కేటాయింపును మళ్లీ పరిశీలిస్తారు. పటేల్ పోతూ పోతూ, "చూద్దాం తియ్, ఎన్ని నెలలు తెరుస్తదో" అన్నాడు.

అక్క పోయిన నాడు సరోజనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆఖరి చూపు దక్కకపోతే ఆ పిల్ల తట్టుకోలేదనిపించింది. దహనం మర్నాటి సాయంత్రం గనుక, తెల్లవారగానే సోమయ్య సేటు తన కారు ఇచ్చి నన్ను పంపాడు. వరంగల్ దాటి గూడూరు వైపు ఆ ఊరు చేరేసరికి దుకాణం ముందు పొడుగాటి వరుస. పంపిణీ నడుస్తోంది. సరోజన తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని, ఒకరి వేలు వేలిముద్రల మిషన్ మీద పెట్టించి, బియ్యం తూచి పోస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వార్త చేరిందన్నమాట. చేతులు మాత్రం ఆగడం లేదు.

"కారు తెచ్చిన చెల్లే. పోయి చూసి వద్దాం" అన్నాను.

"ఎట్లస్తనే అన్నా? దుకాణం మూయాలె గద."

వరుస పక్కన అరుగు మీద పటేల్ కూర్చుని ఉన్నాడు. ఆయన లేచి దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. "పో బిడ్డా. మనిషి పోయినప్పుడు పట్టింపులేంది? జనం రేపు తీసుకుంటరు. నేను ఫిర్యాదు పెట్ట, పెట్టనియ్య. నా మాటిది."

వరుసలోని ఆడవాళ్లు కూడా, "పో సరోజనా, మేం మళ్ల వస్తం" అన్నారు.

సరోజన చెంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు మంచిగనే అన్నవు పటేలా. గని నువ్వు పొమ్మంటె పోయి, నీ మాట మీద మూసుకుంటె, గిది నా దుకాణమెట్లయితది?"

పటేల్ వెనక్కి తిరిగి, తన కార్డు పట్టుకుని వరుస చివర నిలబడ్డాడు.

సరోజన ముందున్న అవ్వకు బియ్యం పోసి పంపింది. తర్వాత తన సొంత కార్డు తీసింది. తన వేలు తానే మిషన్ మీద పెట్టి, తన వాటా బియ్యం తూచుకుంది. అందులోంచి ఒక పిడికెడు తీసి రుమాలులో మూటగట్టి నా చేతిలో పెట్టింది.

"గివి నా కార్డు బియ్యమన్నా. పాడె లేపే ముందు అందరు నోట్ల గింజలేస్తరు గద. నా దిక్కు నుంచి నువ్వు వెయ్యి. పంపిణీ అయినంక దినాలకు వస్త" అని, "ఆఁ, తర్వాతెవలు?" అని వరుస వైపు తిరిగింది.

ఆ సాయంత్రం జనగామలో, వర్తకులూ వకీళ్లూ కూలీలూ మూడు చక్రాల బండ్లవాళ్లూ కిక్కిరిసిన ఆ వాకిట్లో, నా వంతు వచ్చినప్పుడు ఆ గింజలు ప్రమీలక్క నోట్లో వేశాను. ఠాణాల్లో, కచేరీల్లో, కోర్టుల్లో ఎవరూ మూయించలేకపోయిన నోరు అది. మా మూడు జిల్లాల్లో నల్లకోట్లకు కొదవ లేదు. మాటకారులకు అంతకంటే లేదు, నేనే సాక్షిని. అయినా గింజలు వేసి వెనక్కి జరుగుతుంటే, ఆమె మళ్లీ లేచి ఏదో ఒకటి అడ్డం చెబుతుందని నా చెవులు ఎదురుచూశాయి. ఇప్పటికీ చూస్తున్నాయి.